చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాన్ని ఎంచుకోవడం ఎలా?

“ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి ఏ సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం కొనమంటారు?” అని తరచుగా అడుగుతుంటారు. కంప్యూటరు ఆదేశాల ప్రకారం, తిరిగే బిట్టుతో పదార్థాన్ని కోసే యంత్రమన్నమాట. దీనికి ఒక యంత్రం పేరు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. దాని మీద ఏం కోయబోతున్నారో తెలియకుండా చెప్పే పేరు లాటరీ టిక్కెట్టు లాంటిది. “అన్నీ కోయాలండీ” అని జవాబిచ్చేవారే ఎక్కువ. చెక్కను, అల్యూమినియాన్ని, ఇనుమును సమానంగా కోసే చిన్న యంత్రం మాత్రం ఇంతవరకు నా కంటపడలేదు.

నా మొదటి యంత్రాన్ని దాని బల్ల వైశాల్యం చూసి కొన్నాను. అల్యూమినియం కూడా కోస్తుందని అమ్మినవారు చెప్పారు. అబద్ధమేమీ కాదు, కోసింది. అయితే 6 మి.మీ. మందం పట్టీలో 22 మి.మీ. బేరింగు కోసం చేసిన గుంత ఒక దిక్కున 21.8, మరో దిక్కున 22.3 మి.మీ. వచ్చింది. బేరింగు ఒక పక్క దూరలేదు, ఇంకో పక్క వదులుగా ఊగింది. “కోస్తుంది” అన్న మాటకూ “కొలతకు కోస్తుంది” అన్న మాటకూ ఎంత తేడా ఉందో ఆ రోజు తెలిసింది. కింది క్రమాన్ని పాటిస్తే మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- 150 మి.మీ. డిజిటల్ వెర్నియర్ (మందాలు, వ్యాసాలు కొలిచే పరికరం).
- ముల్లును ఆనిస్తే 0.01 మి.మీ. వరకు కదలికను చూపే డయల్ గేజి, దానికి అయస్కాంతపు స్టాండు. చాలా చిన్న యంత్రాల చట్రం అల్యూమినియంతో చేసినది కాబట్టి అయస్కాంతం దానికి అంటుకోదు. ఒక మందపాటి ఇనుప పలకను కూడా వెంట ఉంచుకుని, దాన్ని బల్లకు బిగించి, స్టాండును దాని మీద నిలపాలి.
- చిన్న మూలమట్టం.
- కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు. 5 కిలోలది సరిపోతుంది.
- ఒక నోటుపుస్తకం. అన్నిటికంటే ముందు పనికి వచ్చేది ఇదే.

1. చేయబోయే అయిదు వస్తువులను రాయండి

ఏడాదిలోగా నిజంగా చేస్తారనుకునే అయిదు వస్తువులను మాత్రమే రాయండి. ఒక్కొక్క దాని ఎదురుగా పదార్థం, పొడవు వెడల్పులు, మందం, కొలతలో ఎంత తేడా వచ్చినా ఫరవాలేదు అనే నాలుగు సంగతులు ఉండాలి. ఇంటి ముందు పెట్టే చెక్క పేరు పలకలో అర మిల్లీమీటరు తేడాను ఎవరూ పట్టించుకోరు. బేరింగు కూర్చునే గుంతలో 0.02 మి.మీ. కూడా లెక్కలోకి వస్తుంది. ఈ జాబితా లేకుండా దుకాణానికి వెళ్లినవారు, నాలాగే, బల్ల పెద్దగా ఉన్న యంత్రాన్ని కొనుక్కుని వస్తారు.

జాబితాలో ఇనుము ఒక్కచోటే ఉంటే దాన్ని కొట్టివేయండి. ఏడాదికి రెండు మూడు ఇనుప భాగాల కోసం యంత్రం తరగతినే మార్చడం దండగ. హైదరాబాద్ బాలానగర్‌లో గాని, విజయవాడ ఆటోనగర్‌లో గాని జాబ్ వర్కు చేసే వర్క్‌షాపుకు బొమ్మ గీసి ఇస్తే వారు మీకంటే బాగా, తక్కువ ఖర్చులో చేసి ఇస్తారు.

2. జాబితాను బట్టి తరగతిని తేల్చుకోండి

మెత్తని చెక్క, ప్లాస్టిక్, మైనం, సర్క్యూట్ బోర్డులు మాత్రమే ఉంటే 3018 తరహా యంత్రం చాలు. ఆ అంకె 300 × 180 మి.మీ. కదలికను సూచిస్తుంది. పైకీ కిందికీ కదలిక సాధారణంగా 45 మి.మీ. దాకా ఉంటుంది. ఇందులోని స్పిండిల్, అంటే బిట్టును పట్టుకుని తిప్పే భాగం, 775 అనే రకం చిన్న మోటారు. అల్యూమినియాన్ని కూడా పొరకు 0.1, 0.2 మి.మీ. చొప్పున ఓపికగా గీకుతుంది, కానీ దాన్ని రోజువారీ పనిగా పెట్టుకోకండి.

టేకు, ప్లైవుడ్, అక్రిలిక్‌తో పాటు అల్యూమినియం, ఇత్తడి కూడా తరచుగా కోయవలసి ఉంటే 6040 తరహా (600 × 400 మి.మీ. కదలిక) యంత్రాలను, అంటే బల్లకు అడ్డంగా ఉండే బలమైన దూలం (అడ్డదూలం) మీద రౌటర్ (వడ్రంగులు వాడే, వేగంగా తిరిగే కోత మోటారు) గాని, 800 వాట్లు మొదలు 1.5 కిలోవాట్ల వరకు స్పిండిల్ గాని మోసేవాటిని చూడండి.

ఇనుము తప్పనిసరి అయితే దారి వేరు. 6 మి.మీ. హైస్పీడ్ స్టీలు కట్టర్‌తో (కోసే బిట్టుతో) మెత్తని ఇనుమును నిమిషానికి 25 మీటర్ల కోత వేగంతో కోయాలంటే స్పిండిల్ నిమిషానికి సుమారు 1,300 చుట్లు తిరగాలి. రౌటర్ల కనీస వేగమే 10,000 చుట్ల దగ్గర మొదలవుతుంది. ఆ వేగంలో అదే కట్టర్ అంచు నిమిషానికి 188 మీటర్లు పరుగెత్తి క్షణాల్లో కాలి మొద్దుబారుతుంది. ఈ పనికి తక్కువ చుట్లలో బలంగా తిరిగే నిలువు స్తంభపు మిల్లు కావాలి. అమెరికాలోని షెర్‌లైన్ సంస్థ చేసే చిన్న మిల్లులు, చైనాలోని సీగ్ సంస్థ చేసే పోత ఇనుప ఎక్స్2 వంటివి ఈ కోవకు చెందినవి. మామూలు మిల్లుగా కొన్నవాటికి తర్వాత మోటార్లు అమర్చి సీఎన్‌సీగా మార్చుకునేవారు కూడా ఉన్నారు. అది మంచి మార్గమే, కానీ మొదటి యంత్రంగా వద్దంటాను. తప్పు మీ ప్రోగ్రాములో ఉందో, మీరు బిగించిన మరలో ఉందో తేల్చుకోలేక నెలలు గడిచిపోతాయి.

3. కదలిక అంకెలను నమ్మకుండా లెక్క వేసుకోండి

ప్రకటనలోని 300 × 180 అనేది స్పిండిల్ కదిలే దూరం. క్లాంపులు, కట్టర్ వ్యాసం పోగా నికరంగా మిగిలేది తక్కువ. మీ అతిపెద్ద వస్తువుకు ప్రతి పక్కా 20 మి.మీ. కలిపి, ఆ మొత్తం యంత్రం కదలికలోపల ఉందో లేదో చూడండి.

ఇంతకంటే ఎక్కువమంది బోల్తాపడేది ఎత్తు దగ్గర. నిలువు కదలిక 45 మి.మీ. ఉన్నంత మాత్రాన 45 మి.మీ. మందం ముక్కను కోయలేరు. ముక్కను బిగించి పట్టే వైస్ ఎత్తు 30, ముక్క మందం 20, కట్టర్ బయటికి ఉన్న పొడవు 20, ముక్క పైనుంచి తప్పుకోవడానికి 5 కలిపితే బల్లకూ కొలెట్‌కూ (స్పిండిల్ చివర బిట్టు కాడను బిగించి పట్టే భాగానికి) మధ్య 75 మి.మీ. ఖాళీ అవసరం. ఈ ఖాళీ ఎంతో ప్రకటనలో సాధారణంగా రాయరు, అడిగి రాయించుకోండి. లేకపోతే వైస్ కొన్నాక దాన్ని పెట్టే చోటు లేదని తెలుస్తుంది. అలాంటి యంత్రంలో ముక్కను వైస్ లేకుండా అడుగు చెక్కకు నేరుగా క్లాంపులతోనో, రెండు వైపులా అంటుకునే టేపుతోనో పట్టించడం ప్రత్యామ్నాయం.

4. గట్టిదనాన్ని చేత్తో కాదు, గేజితో చూడండి

సిద్ధాంతం ఇక్కడ రెండు ముక్కలు చాలు. కదిలే భాగాలను మోసే కడ్డీ పొడవు రెట్టింపైతే అదే బరువుకు ఎనిమిది రెట్లు వంగుతుంది. వ్యాసం 10 నుంచి 12 మి.మీ.కు పెరిగితే వంపు సగానికి పడిపోతుంది. అందుకే బల్ల పెద్దదై, కడ్డీలు సన్నగానే ఉన్న యంత్రం తన చిన్న తమ్ముడి కంటే అధ్వానంగా కోస్తుంది. రెండు చివరల మాత్రమే ఆనుకుని నిలిచే గుండ్రటి కడ్డీల కంటే అడుగంతా దన్ను ఉన్న కడ్డీలు మేలు, వాటికంటే చతురస్రపు లీనియర్ రైళ్లు మేలు.

యంత్రాన్ని కళ్లారా చూసే అవకాశం ఉంటే ఈ పరీక్ష తప్పక చేయండి. మోటార్లు పట్టి ఉంచేలా యంత్రానికి కరెంటు ఇచ్చి, స్పిండిల్‌ను మాత్రం ఆపి ఉంచండి. స్ప్రింగు త్రాసు కొక్కేన్ని కొలెట్‌కు దగ్గరగా తగిలించి, ఎదురు వైపు డయల్ గేజి ముల్లును ఆనించి, సున్నా చేసి, 2 కిలోల బలంతో లాగండి. ఎక్స్ (ఎడమ, కుడి), వై (ముందు, వెనక) దిశలు రెండింటిలోనూ చేయాలి. నా సొంత కొలబద్ద ఇది: ముల్లు 0.05 మి.మీ. లోపు కదిలితే అల్యూమినియం మీద ఆశ పెట్టుకోవచ్చు, 0.1 నుంచి 0.2 వరకు అయితే చెక్క, ప్లాస్టిక్. అంతకు మించితే నగిషీలు, సర్క్యూట్ బోర్డులు.

లాగడం వదిలేశాక ముల్లు మళ్లీ సున్నాకు రావాలి. వస్తే ఆ కదలిక వంపు మాత్రమే. రాకుండా మధ్యలో ఆగితే ఎక్కడో నట్టులోనో, బేరింగులోనో ఆట, అంటే వదులు, ఉంది. వంపును పొర లోతు తగ్గించి భరించవచ్చు. ఆటను మాత్రం సరిచేయాల్సిందే.

5. స్క్రూ, నట్టు ఎలాంటివో అడగండి

ఒక్కో దిశలో కదలికను ఇచ్చేది మోటారు తిప్పే స్క్రూ, దాని మీద జరిగే నట్టు. చవక యంత్రాల్లో టీ8 రకం స్క్రూ, ఇత్తడి నట్టు ఉంటాయి. కొత్తలో బాగానే ఉండి, ఇత్తడి అరిగేకొద్దీ ఆట పెరుగుతుంది. స్ప్రింగుతో నొక్కి ఉంచే జంట నట్టు గాని, బిగించుకునే వీలున్న ప్లాస్టిక్ నట్టు గాని అయితే కొంతకాలం కాపాడుతుంది. 6040 తరగతిలో 1605 బాల్ స్క్రూ (నట్టులో ఉక్కు గుండ్లు దొర్లే రకం), అంటే 16 మి.మీ. వ్యాసం, చుట్టుకు 5 మి.మీ. కదలిక ఉన్నది, మంచి ఎంపిక. బాల్ స్క్రూ అని చెప్పి సాధారణ స్క్రూ పంపే సందర్భాలు లేకపోలేదు, కాబట్టి ఫొటో తెప్పించుకోండి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండేవారు స్క్రూలకు, రైళ్లకు పలుచటి నూనె పొర ఎప్పుడూ ఉండేలా చూసుకోవాలి.

6. స్పిండిల్‌ను, కొలెట్‌ను చూడండి

వాట్ల కంటే వణుకు ముఖ్యం. కొలెట్‌లో గుండ్రంగా, తిన్నగా ఉన్న పిన్నును బిగించి, స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ గేజిని చూడండి. 0.02 మి.మీ. లోపు అయితే బాగున్నట్టు. 0.05 దాటితే 1 మి.మీ. కంటే సన్నని బిట్లు వరుసగా విరుగుతాయి.

ఇక్కడే ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మార్కెట్లో దొరికే చిన్న బిట్ల కాడ ఎక్కువగా 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. దాన్ని 3 మి.మీ. కొలెట్‌లోకి బలవంతంగా దూర్చకూడదు, 4 మి.మీ. కొలెట్‌లో వదులుగా బిగించకూడదు. ఈఆర్11 అనే రకం కొలెట్లు 7 మి.మీ. కాడ వరకు పట్టుకుంటాయి. మీరు కొనే బిట్ల కాడకు సరిగ్గా సరిపోయే కొలెట్లను విడిగా, కాస్త మంచివి కొనండి.

7. కంట్రోలర్, సాఫ్ట్‌వేర్

మొదటి యంత్రానికి జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాముతో నడిచే కంట్రోలర్ (మోటార్లను నడిపే బోర్డు) సరిపోతుంది. ఆ ప్రోగ్రాము ఉచితం, దానికి కంప్యూటరు నుంచి ఆదేశాలు పంపే యూనివర్సల్ జీకోడ్ సెండర్, క్యాండిల్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అమ్మినవారి సొంత సాఫ్ట్‌వేర్‌తో తప్ప పనిచేయని యంత్రాన్ని వదిలేయండి. బొమ్మ గీసి బిట్టు వెళ్లే దారులు వేయడానికి ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. ఆటోడెస్క్ ఫ్యూజన్‌ను సొంత వినియోగానికి ఉచితంగా ఇస్తారు గాని, అందులో వేగపు కదలికలపై, టూల్ మార్పుపై పరిమితులు ఉన్నాయి. హోమింగ్ (యంత్రం తన మొదటి స్థానాన్ని వెతుక్కోవడం) కోసం కదలిక చివర తగిలే లిమిట్ స్విచ్‌లు, మూడు దిశలకూ, ఉన్న యంత్రాన్నే ఎంచుకోండి.

చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే ఈ యంత్రాల స్టెప్పర్ మోటార్లకు తాము ఎక్కడ ఉన్నామో తిరిగి చెప్పే ఏర్పాటు ఉండదు. బిట్టు చిక్కుకుని రెండు మిల్లీమీటర్లు తప్పిపోయినా కంట్రోలర్ అంతా సవ్యంగా ఉందనుకుని మిగతాదంతా పక్కకు జరిపి కోసేస్తుంది.

8. కరెంటు, చోటు, చప్పుడు

1.5 కిలోవాట్ల స్పిండిల్ 230 వోల్టుల మీద 6.5 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు ఉండాలి. కొన్ని వీఎఫ్‌డీల (స్పిండిల్ వేగాన్ని మార్చే పరికరాల) లీకేజీ వల్ల ఇంటి ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటును ఆపే రక్షణ స్విచ్) పడిపోతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆర్‌సీసీబీని తీసివేయించడం మాత్రం ఎంతమాత్రం పరిష్కారం కాదు.

కరెంటు పోవడం గురించి ఒక హెచ్చరిక. కంప్యూటరునూ కంట్రోలర్‌నూ యూపీఎస్ మీద పెట్టి, స్పిండిల్‌ను నేరుగా గోడ సాకెట్టుకు తగిలించేవారు ఉన్నారు. కరెంటు పోగానే స్పిండిల్ ఆగిపోతుంది, అడ్డదూలం మాత్రం కదులుతూనే ఉండి, తిరగని బిట్టును ముక్కలోకి తోసి విరగ్గొడుతుంది. అన్నిటినీ యూపీఎస్ మీద పెట్టండి, అది వీలుకాకపోతే కంట్రోలర్‌నూ స్పిండిల్‌నూ కలిపి గోడ సాకెట్టు మీదే ఉంచండి. అలాగే అత్యవసర స్విచ్ నొక్కితే మోటార్లతో పాటు స్పిండిల్ కూడా ఆగుతుందో లేదో కొనేటప్పుడే అడగండి. లాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా సెట్టింగు మార్చుకోవడం కూడా మరిచిపోవద్దు. మూడు గంటల పని సగంలో ఆగిన దుఃఖం మామూలుది కాదు.

అపార్ట్‌మెంటులో ఉంటే రౌటర్ చప్పుడు పక్కింటివారికి మొదటి రోజే పరిచయమవుతుంది. నీటితో చల్లబడే స్పిండిల్ దానికంటే చాలా నెమ్మదిగా మోగుతుంది, కానీ కోత చప్పుడు ఎలాగూ ఉంటుంది. దుమ్మును తేలిగ్గా తీసుకోకండి. సర్క్యూట్ బోర్డుల గాజుపీచు దుమ్ము, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో నొక్కి చేసిన పలక) పొడి ఊపిరితిత్తులకు హానికరం. వాక్యూమ్, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. చున్నీ, పైట, పొడవు జుట్టు బిగించి కట్టుకోవాలి.

9. డబ్బును ముందే విడగొట్టండి

ఉన్న వంద రూపాయల్లో అరవై మాత్రమే యంత్రానికి కేటాయించండి. మిగతా నలభై బిట్లకు, కొలెట్లకు, క్లాంపులకు, దుమ్ము లాగే ఏర్పాటుకు, విరగ్గొట్టడానికి తెచ్చుకునే పదార్థానికి పోతాయి. బయటి దేశం నుంచి తెప్పిస్తే ధర, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ పడతాయి. వెబ్‌సైటులో కనిపించే ధరను భారతదేశపు ధరతో నేరుగా పోల్చకండి. ఇక్కడ అమ్మేవారి దగ్గర కాస్త ఎక్కువ పెట్టి కొన్నా, కాలిపోయిన బోర్డు మార్చి ఇచ్చే మనిషి ఉంటాడు.

కొనే ముందు ఒక్కసారైనా ఇలాంటి యంత్రం మీద చేయి పెట్టి చూడండి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి ప్రోటోటైపింగ్ కేంద్రం గాని, దగ్గర్లోని ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాపు గాని ఇందుకు పనికివస్తాయి. మీ జాబితాలోని ఒక వస్తువును అక్కడ చేయించుకుంటే, అసలు యంత్రం కొనే అవసరమే లేదని తేలినా ఆశ్చర్యం లేదు.

10. వచ్చిన వారంలోగా చేయవలసిన పరీక్షలు

బిగింపు పూర్తయ్యాక ముందుగా మూలమట్టంతో అడ్డదూలం బల్ల పక్క అంచుకు లంబంగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ఈ వరుసలో వెళ్లండి.

మొదటిది, తిరిగి వచ్చే పరీక్ష. గేజిని ఆనించి సున్నా చేసి, ఆ దిశలో 50 మి.మీ. వెళ్లి రమ్మని ఇరవై సార్లు ఆదేశించండి. చివర తేడా 0.02 మి.మీ. దాటితే స్క్రూను మోటారుకు కలిపే కప్లింగు మరలు వదులుగా ఉన్నాయేమో ముందు చూడండి. సగం సందర్భాల్లో దోషి అదే.

రెండోది, స్పిండిల్ నిలువు. కొలెట్‌లో గేజిని పట్టించి, బల్ల మీద 100 మి.మీ. వ్యాసంలో ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా తేడా 0.05 దాటితే స్పిండిల్ పట్టీ కింద సన్నని రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి.

మూడోది, కోత పరీక్ష. ఎండీఎఫ్‌లో 20 మి.మీ., 80 మి.మీ. భుజాలతో రెండు చతురస్రాలను, 50 మి.మీ. వృత్తాన్ని కోయండి. చతురస్రాలు 20.1, 80.1 అని వస్తే తేడా రెండింటిలోనూ ఒకటే కాబట్టి బిట్టు వ్యాసంలోనో, ఆటలోనో, వంపులోనో తప్పు ఉంది. 20.1, 80.4 అని వస్తే తేడా కొలతతో పాటు పెరుగుతోంది, అంటే మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులు అనే సెట్టింగు తప్పు. ఆ సెట్టింగును ఊహించి మార్చకండి, లెక్క కట్టండి: మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు (స్టెప్పులోని చిన్న భాగాలు), చుట్టుకు 4 మి.మీ. కదిలే స్క్రూ అయితే 200 × 16 ÷ 4, అంటే 800. పెద్ద చతురస్రపు రెండు కర్ణాలు సమానంగా లేకపోతే ఎక్స్, వై దిశలు ఒకదానికొకటి లంబంగా లేవు. వృత్తం నాలుగు దిక్కుల్లో చిన్న మెట్టులా కనిపిస్తే అది దిశ మారేచోట బయటపడే ఆట.

నాలుగోది, మీ జాబితాలో అతి కఠినమైన పదార్థం. అల్యూమినియం అయితే ఒక అంచు మాత్రమే ఉన్న 3.175 మి.మీ. బిట్టుతో, 10,000 చుట్ల వద్ద, చుట్టుకు 0.02 మి.మీ. చొప్పున నిమిషానికి 200 మి.మీ. వేగంతో, 0.2 మి.మీ. లోతుతో మొదలుపెట్టండి. విడివిడి పెళుకులు రావాలి. మెత్తని పొడి వస్తే బిట్టు కోయకుండా రుద్దుతోందని అర్థం, బిట్టు ముందుకు జరిగే వేగం పెంచండి. భయంతో ఆ వేగాన్ని తగ్గించడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. లోహం కరిగి బిట్టుకు అంటుకుంటే కాస్త స్పిరిట్ గాని, కిరోసిన్ గాని కుంచెతో రాస్తారు. రెండూ నిప్పు అంటుకునేవే కాబట్టి చుక్కల్లోనే వాడండి, గాలి ఆడేలా చూడండి.

ప్రతి ఫలితాన్నీ తేదీతో నోటుపుస్తకంలో రాసి, వెర్నియర్ అంకె కనబడేలా ఫొటో తీసుకోండి. “బాగా కోయడం లేదు” అనే ఫిర్యాదుకు ఏ అమ్మకందారూ కదలడు; “80 మి.మీ. చతురస్రంలో కర్ణాల తేడా 0.9 మి.మీ.” అంటే జవాబు చెప్పక తప్పదు. వాపసు గడువు ముగిసేదాకా అట్టపెట్టెను, లోపలి థర్మకోల్ దిమ్మలను పారవేయకండి, అవి లేకుండా యంత్రాన్ని తిప్పి పంపితే దారిలోనే అడ్డదూలం వంగుతుంది.